ఇరవై నాలుగో నంబరు

సెప్టెంబరు 30, సోమవారం

రాయిస్ డనవేకి విగ్రహం పెడుతున్నారు. కంచు విగ్రహం, తొమ్మిదడుగులు. బతికున్నప్పుడు అయిదడుగుల ఎనిమిదంగుళాలు ఉండేవాడు, అదీ ఎత్తు మడమల బూట్లతో.

పొద్దున కాల్డర్ స్టేట్ కాలేజీ క్రీడా విభాగం నుంచి కీలింగ్ అనే అతను ఫోన్ చేశాడు. గొంతు వింటే ముప్పై దాటినట్టు లేదు. అక్టోబరు 26న, పాత విద్యార్థులంతా వచ్చే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట రోజున, ఆట మొదలవకముందే ముసుగు తీస్తారట. డనవే ప్రధాన కోచ్‌గా ఉండగా ఆయన కింద పనిచేసిన కోచ్‌లలో ఇద్దరమే మిగిలామని, ఆ రెండో ఆయనకు ఇప్పుడు తన పేరే గుర్తు లేదని చెప్పాడు. అందుకని మూడు నిమిషాలు నేను మాట్లాడాలి. మనసుకు హత్తుకునేలా ఉంటే బాగుంటుంది సార్ అన్నాడు. ఉంటుందన్నాను.

మూడు నిమిషాలు చాలు. ముప్పై మూడేళ్ళుగా నేను ఎదురుచూస్తున్నది అంతకంటే ఎక్కువేమీ కాదు.

అక్టోబరు 2

ఉపన్యాసం మొదలుపెట్టాను. నాలుగు పేజీలొచ్చింది. తగ్గించాలి, కానీ ఏం తగ్గించను?

ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో తొమ్మిది కాలేజీలు. ప్రధాన కోచ్‌ను తీసేసిన రోజే సహాయకుల బతుకులూ పెట్టెల్లోకి వెళ్ళిపోతాయి. నా భార్య వెర్నెల్ తొమ్మిది వంటిళ్ళు సర్దింది. పదోది సర్దనని చెప్పి వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. తప్పు పట్టను. తొమ్మిది చోట్లా నాకిచ్చింది ఒకటే గది, వెనక వరుస వాళ్ళది. డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్. ఆ రోజుల్లో నల్లవాడికి ఉద్యోగమిస్తే ఆ గదే ఇచ్చేవాళ్ళు. అక్కడి నుంచి మొత్తం డిఫెన్సు నడిపే కోఆర్డినేటరు గదికి నడవా పొడవు ఇరవై అడుగులు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ ఇరవై అడుగులు దాటలేకపోయాను.

అయినా గది మాత్రం నాది. నా వాళ్ళు నలుగురు. అవతలివాడు విసిరిన బంతి వెనకా, దాన్ని అందుకోబోయేవాడి వెనకా పరుగెత్తేవాళ్ళు. ముందు వరుసవాళ్ళు తప్పు చేస్తే అది దుమ్ములో కలిసిపోతుంది. నా వాళ్ళు చేస్తే స్కోరు బోర్డు మీదికెక్కుతుంది, యాభై వేల మంది చదువుతారు.

డనవే పేరుతో చలామణీ అవుతున్న ఆ డిఫెన్సు పద్ధతి నేను 1987లో మా వంటింటి బల్ల మీద ఉప్పు సీసాలు పెట్టి కట్టింది. కోఆర్డినేటరు పదవి నీదే అని నాకు రెండుసార్లు మాటిచ్చాడు. తన అల్లుడికిచ్చాడు. ఆ అల్లుడు నా దగ్గరికొచ్చి ఈ పద్ధతి నాకోసారి బోర్డు మీద గీసి చూపించండి అని అడిగాడు. గీశాను. ఇదీ ఉపన్యాసంలో ఒక పేరా.

కానీ మొదటి పేరా అది కాదు, అలాంజో బటీస్ట్.

అక్టోబరు 3

1991 నవంబరు, వెస్ట్ డెల్టాతో ఆట. గెలిస్తే ఆ ఏడాది లీగులో అందరికంటే పైన మేమే. నాలుగు పాయింట్లు ముందున్నాం, ముప్పై ఎనిమిది సెకన్లు మిగిలాయి. అవతలివాడు ఎడమ అంచున పొడుగ్గా విసిరాడు. అందుకున్నవాడి దగ్గర మా వాడెవడూ లేడు. మైదానం మధ్య నుంచి, అందరికంటే వెనక కాపు కాసే సేఫ్టీ అలాంజో బటీస్ట్, ఇరవై నాలుగో నంబరు, పరుగెత్తి పరుగెత్తి రెండడుగుల దూరంలో నేల మీద పడ్డాడు. మర్నాడు ప్రతి పేపర్లో అదే ఫోటో.

అరగంట తర్వాత విలేకర్ల ముందు డనవే అన్న మాట: "ఇరవై నాలుగు తన చోటు వదిలేశాడు." అంతే. ఇరవై ఒక్కేళ్ళవాడు. ప్రొఫెషనల్ జట్లవాళ్ళు చూడటానికొస్తున్నవాడు. ఆ మాట తర్వాత ఒక్కడూ రాలేదు.

నన్నొక్క మాట అడగలేదు. ఆ గది నాది, వాళ్ళు నా వాళ్ళు. అడగాలిగా.

ఇదీ మొదటి పేరా. ఆ కంచు బొమ్మ చెవులు వినేలా చదువుతాను.

అక్టోబరు 7

కీలింగ్ ఉపన్యాసం ముందే పంపమన్నాడు. రాస్తున్నానన్నాను. నిడివి చూసుకోవడానికే సార్ అన్నాడు. నిడివి నేను చూసుకుంటానన్నాను.

అక్టోబరు 9

ఈ వారమంతా ప్రాచీన గ్రీకుల యుద్ధాలు చదువుతున్నాను, మూడోసారి. ఓడిపోయిన సేనాపతులు ఇంటికెళ్ళి ఏం చెప్పారన్నదే నాకు ఎప్పుడూ ఆసక్తి. అందరూ ఒకటే చెప్పారు: కింది వాళ్ళు ఆజ్ఞ వినలేదు. డనవే ఒక్క పుస్తకమూ చదవకుండానే ఆ వాక్యం పట్టేశాడు.

అక్టోబరు 11

కీలింగ్ ఒక వీడియో పంపాడు. ఆవిష్కరణ రోజు తెర మీద వేయడానికి పాత దృశ్యాలు పోగుచేస్తున్నారట. అవతలి గ్యాలరీలో కూర్చున్న ఓ విద్యార్థి ఇంటి కెమెరాతో తీసిన ముక్క ఇది, ఎప్పుడూ ఎవరూ చూడలేదు సార్, అందులో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పండి అని రాశాడు. 1991, వెస్ట్ డెల్టా. ఆఖరి నిమిషం. మా వైపు గట్టు, గీత బయట కోచ్‌లం నిలబడే చోటు, మొత్తం కనిపిస్తోంది.

చూశాను. మసకగా ఉంది.

అక్టోబరు 12

మళ్ళీ చూశాను. మసకగా ఉంది.

అక్టోబరు 13

కీలింగ్‌కి పేర్లు రాసి పంపాను. ఎడమ నుంచి మూడో మనిషి ఎవరో తెలియడం లేదని రాశాను.

అక్టోబరు 14

ఎడమ నుంచి మూడో మనిషి నేను.

అక్టోబరు 15

సరే. గదిలో ఎలా చేసేవాణ్ణో అలాగే చేస్తాను. ప్రతి ఆదివారం ఆట ఫిల్ము వేసి, ఒక్కో ఆటగాడి కళ్ళతో ఒక్కోసారి, ప్రతి కదలికా వెనక్కి తిప్పి చూసి, కాగితం మీద ప్లస్సో మైనస్సో వేసేవాణ్ణి. వాదనలుండవు. ఎవడు దెబ్బతిన్నాడో వాడు అడక్కముందే "నాదే" అనాలి. నా గది నియమం అది.

అప్పట్లో హెల్మెట్లలో మాటలు వినపడే యంత్రాలు లేవు. గట్టు మీద నుంచి నేను చేతులతో సైగ చేయాలి. అవతలివాళ్ళు దుర్భిణీలతో చూసి మా సైగలు పట్టేస్తారు కాబట్టి రెండు రకాలు. సైగకు ముందు టోపీ ముట్టుకుంటే అది నిజం. బెల్టు ముట్టుకుంటే అబద్ధం, పట్టించుకోకుండా ఎప్పటిలా ఆడాలి. ఆట సగంలో డనవే లోపలికొచ్చి, వాళ్ళు మనల్ని చదివేశారు, తారుమారు చెయ్యి అన్నాడు. నేనే నా నలుగుర్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఇక నుంచి బెల్టు నిజం, టోపీ అబద్ధం. అందరితో రెండుసార్లు అనిపించాను.

ముప్పై ఎనిమిదో సెకను. ఎడమ అంచు కాసే కార్నర్ వెనక్కి పరుగెత్తకుండా ముందే నిలబడాలి, వాడి వెనక ఖాళీని అలాంజో వచ్చి కాయాలి. అదీ నేను చేసిన సైగ. మంచి సైగే.

కార్నర్, పీట్రీ అనేవాడు. ముందే నిలబడ్డాడు. తారుమారు మరిచిపోయాడు. మైనస్.

అలాంజో. ఆ సైగ అబద్ధమని మధ్యలోనే ఉండిపోయాడు. మైదానంలో నియమం గుర్తున్నవాడు అతనొక్కడే. ప్లస్.

గట్టు మీద మూడో మనిషి. సైగకు ముందు కుడిచెయ్యి పైకి వెళ్ళింది. టోపీ అంచు పట్టుకుంది. నాలుగు సెకన్ల ముక్క, పదకొండుసార్లు వెనక్కి తిప్పాను. పదకొండుసార్లూ అక్కడికే వెళ్ళింది.

ఆ ఆదివారం అలాంజో పేరు పక్కన మైనస్ వేసింది నా పెన్నే.

అక్టోబరు 16

మసక అన్నది అబద్ధం. వీడియో అక్కర్లేదు కూడా. బంతి ఇంకా గాలిలో ఉండగానే నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలుసు.

అక్టోబరు 17

అడిగాడు.

అక్టోబరు 18, శుక్రవారం

డనవే అడిగాడు. మైదానం నుంచి లోపలికెళ్ళే సొరంగంలో నా భుజం పట్టుకుని ఆపి, "ఎవరిది, ఈజీ?" అన్నాడు. నా పేరు ఎజెల్ గాడిస్. ఆయన పెట్టిన పేరు ఈజీ. నాకది ఏనాడూ నచ్చలేదు.

"ఇరవై నాలుగు" అన్నాను.

ఆ జనవరిలో కోఆర్డినేటరు పదవి ఖాళీ అవబోతోంది. చెయ్యి మరిచిపోయిన నల్లవాడికి ఎవరిస్తారు? అలా అనుకున్నానని ఇప్పుడు రాస్తున్నాను. నిజానికి అనుకునేంత సమయం లేదు. మాట దానంతటదే వచ్చేసింది. డనవే తలూపి విలేకర్ల దగ్గరికెళ్ళాడు. నేను చెప్పిందే చెప్పాడు.

పదవి అల్లుడికే ఇచ్చాడు. ఆ విషయంలో ఆయన దొంగే. అది కొట్టెయ్యను.

ఆ నాలుగు పేజీలు మాత్రం చింపేశాను. రేపు అలాంజో ఊరెళ్తాను.

అక్టోబరు 19, శనివారం

మూడు గంటల ప్రయాణం, రాష్ట్రం దాటి లూసియానాలోకి. అలాంజో హైస్కూల్లో పిల్లలకు కారు నడపడం నేర్పుతాడు. శుక్రవారం ఆటలకు గట్టు మీద దూరం కొలిచే గొలుసు పట్టుకుంటాడట. గీత లోపలికి మాత్రం అడుగు పెట్టడు. స్కూలు వెనక మైదానంలో కారు కడుగుతూ కనిపించాడు. యాభై నాలుగేళ్ళు. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి గొట్టం కట్టేసి, చేతులు తుడుచుకుని, రండి కోచ్ అన్నాడు. ఏదో నిన్ననే విడిపోయినట్టు.

దారంతా కూర్చుకున్న మాటలు నాలుగో వాక్యానికే అయిపోయాయి. వీడియో గురించి చెప్పబోయాను. వినిపించుకోలేదు.

"టోపీ మీద చెయ్యి పెట్టారు కోచ్. చూశాను."

"అప్పుడే చూశావా?"

"మీ చెయ్యి చూడటమే కదా నా పని. నేను పొరపాటు పడ్డానేమో అని ఒక్క క్షణం అనిపించింది. మళ్ళీ, కోచ్ చెప్పిన నియమం కోచ్ తప్పుతాడా, మధ్యలోనే ఉందాం అనుకున్నా."

మరి ఆదివారం గదిలో నాదే అని ఎందుకన్నావని అడిగాను. బకెట్టు తిరగేసి దాని మీద కూర్చున్నాడు.

"మీరు అంటారని ఆగాను. పీట్రీ తలొంచుకున్నాడు. మీరు బొమ్మ ఆపేసి నా వైపు చూస్తున్నారు. గదిలో ఎవరో ఒకరు అనాలిగా. సరే, సోమవారం పిలుస్తారులే అనుకున్నా. తర్వాత వేరే కాలేజీకి వెళ్ళిపోయారని పేపర్లో చదివా."

కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. సరుకుల చీటీ చదివినట్టు చదివాడు.

విగ్రహం దగ్గర అందరి ముందూ చెప్తానన్నాను. అది మీ ఇష్టం, నాకు తెలియని సంగతేం కాదుగా అన్నాడు. ఆ ఫోటో పీడ నాకెప్పుడో వదిలింది, పెళ్ళి చేసుకున్నా, ఇల్లు కట్టుకున్నా అన్నాడు. గొట్టం మళ్ళీ తిప్పాడు.

"మా అమ్మకి తెలీదు కోచ్. ఆమెకి చెప్పండి. మాటిచ్చింది ఆమెకేగా."

ఇవాళ వాళ్ళమ్మ ఇంట్లో లేదు, మేనగోడలి పెళ్ళికెళ్ళింది. గురువారం రమ్మన్నాడు.

అక్టోబరు 21

1988. అలాంజో వాళ్ళమ్మ మిస్ ఒడెస్సా బటీస్ట్ వంటిల్లు. కుర్రవాళ్ళను కాలేజీకి తెచ్చుకోవడం కూడా మా పనే. నల్లవాళ్ళ ఇళ్ళకు నన్నే పంపేవాళ్ళు, ఆ పనికి మాత్రం నేనే కావాలి. ఆమె రొయ్యలు వేసి బెండకాయ కూర వండింది. మూడుసార్లు వడ్డించుకున్నాను. ఆటగాణ్ణి అడిగి లాభం లేదు, తల్లి ఒప్పుకుంటే కొడుకు ఒప్పుకున్నట్టే. నా కొడుకులా చూసుకుంటానమ్మా అన్నాను. ఆ మాట కనీసం అరవై వంటిళ్ళలో అని ఉంటాను.

అక్టోబరు 23

వెళ్ళకుండా ఉత్తరం రాస్తే ఎలా ఉంటుందని పొద్దుటి నుంచి ఆలోచించాను. చదువుకున్నవాడికి ఉండే జబ్బు ఇది. బాగా రాసేస్తే చేసేసినట్టే అనిపిస్తుంది.

వెళ్తాను.

అక్టోబరు 24, గురువారం

తొంభై ఒక్కేళ్ళు. కళ్ళు కొద్దిగా మసకేశాయి, చెవులు మాత్రం పాము చెవులు. వరండాలో ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని పీకాన్ కాయలు ఒలుస్తోంది. నా గొంతు వినగానే, బెండకాయ కూర మూడుసార్లు తిన్న కోచ్ అంది. పీట చూపించి, ఓ గుప్పెడు కాయలు నా చేతిలో పోసింది. వచ్చినవాడు ఖాళీగా కూర్చోకూడదు ఆ ఇంట్లో.

ఒలుస్తూనే చెప్పాను. సైగ సంగతి, సొరంగం సంగతి, ఆదివారం సంగతి.  అయ్యాక పళ్ళెంలో పొట్టు పక్కకు తోసింది. తర్వాత ఆమె చెప్పింది.

ఆ ఆట తర్వాతి ఆదివారం చర్చిలో ప్రసంగం నిద్రపోయిన కావలివాడి గురించట. పాస్టరు పేరెత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు. వెనక బల్లల్లో ఎవరో నవ్వారు. ఆమె మూడో వరుస లోంచి లేచి టోపీ సర్దుకుని బయటికొచ్చేసింది. తన పెళ్ళి జరిగిన చర్చి, భర్తను పాతిపెట్టిన చర్చి. మళ్ళీ గుమ్మం తొక్కలేదు. ముప్పై మూడేళ్ళు ఇరవై మైళ్ళ అవతల, ఎవరికీ ఏ ఆటా తెలియని చర్చికి వెళ్ళింది.

"వాడు నిద్రపోయాడనే నేనూ అనుకున్నా నాయనా. కన్నతల్లిని. వాడు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. కొడుకు పొరపాటు ఎత్తి చూపకూడదని ఊరుకున్నా. అదే ప్రేమనుకున్నా."

నా చేతిలో కాయ నలిగింది.

విగ్రహం గురించి చెప్పాను. మూడు నిమిషాలిచ్చారనీ, వెళ్ళదలచుకోలేదనీ, చెప్పాల్సింది మీకు చెప్పేశాననీ అన్నాను. అలా అనుకునే బయల్దేరానని అనేటప్పుడే తెలిసింది నాకు. ఆమె పళ్ళెం పక్కన పెట్టింది.

"ఆ రోజు నా వంటింట్లో మా అక్కచెల్లెళ్ళు నలుగురున్నారు, పాస్టరు ఉన్నాడు. వాళ్ళందరి ముందు నా కొడుకును నీ కొడుకన్నావ్. ఊళ్ళో నిందేసి, వరండాలో చెవిలో చెప్పి పోతానంటే ఎట్లా? నీ ప్రాణం తేలికపడటానికి వచ్చావా, వాడి పేరు కడగటానికి వచ్చావా?"

రెండూ కావచ్చమ్మా అన్నాను.

"మొదటిది నాకు అక్కర్లేదు. శనివారం రేడియో పెట్టుకుంటా."

బయల్దేరుతుంటే ఒలిచిన గింజలు సంచిలో పోసి ఇచ్చింది. నేను ఒలిచినవి కాదు. నేను ఒలిచినవన్నీ ముక్కలే.

అక్టోబరు 25

ఒక్క పేజీ. చదివి చూసుకున్నాను. రెండు నిమిషాల నలభై సెకన్లు. డనవే అల్లుడి సంగతి తీసేశాను. అది నిజం కాదని కాదు. అది ముందు చెప్తే ఇది సాకులా వినపడుతుంది, తర్వాత చెప్తే బేరంలా ఉంటుంది. ఉప్పు సీసాల పద్ధతి నాదేనని ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను, ఇక్కడే ఉంటుంది. కష్టంగానే ఉంది.

అక్టోబరు 26, శనివారం

చెప్పాను.

అక్టోబరు 27

కీలింగ్ నాకు కాలేజీ రంగు టై ఒకటిచ్చాడు. మనిషి మంచివాడే. మైకు దగ్గరికి తీసుకెళ్తూ, ఏదైనా సరదా సంగతి ఉందా సార్ అని అడిగాడు. లేదన్నాను.

చుట్టూ మాంసం కాల్చే పొగ, బ్యాండు, ముసుగు కప్పిన తొమ్మిదడుగుల మనిషి. ముందు వరుసలో డనవే భార్య. వెయ్యి మంది ఉంటారేమో. కాగితం విప్పాను గానీ చూడలేదు. పేరు, సంవత్సరం చెప్పాను. వెస్ట్ డెల్టా అనగానే వెనక ఎవరో మూలిగారు, ఇంకా మూలుగుతారు ఆ పేరుకి. టోపీ అంటే ఏమిటో, బెల్టు అంటే ఏమిటో, తారుమారు ఎవరు నేర్పారో, ఎవరు మరిచారో చెప్పాను. అలాంజో బటీస్ట్ ఆ మైదానంలో తన పని తాను సరిగ్గా చేసిన ఒకే ఒక్కడు అన్నాను. కోచ్ డనవే నన్నడిగారు, నేను అబద్ధం చెప్పాను, ఆయన నమ్మారు అన్నాను.  డనవేని సమర్థిస్తూ ఒక మాట అనాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

చప్పట్లు లేవు. బ్యాండు మాస్టరుకు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియలేదు. ముసుగు తీశారు. ముక్కు అసలు కంటే బాగా చెక్కారు.

నేను వేదిక దిగేటప్పుడు డనవే భార్య దగ్గరికొచ్చింది. ఆయన పోయేదాకా ఆ కుర్రాడి పేరు పేపర్లో వెతికేవాడని, ఓ ఉత్తరం రాయాలని రెండుసార్లు కూర్చుని మానేశాడని నెమ్మదిగా చెప్పింది. చెయ్యి కలపడానికి మాత్రం చాచలేదు.

మిస్ ఒడెస్సా ఫోన్ చేయలేదు. అలాంజో చేశాడు, నిన్న సాయంత్రం, ఒక్క నిమిషం. అమ్మ ఆ పాత చర్చికే, మూడో వరుసకే తీసుకెళ్ళమంటోంది, రేపు వెళ్తున్నాం అన్నాడు. నన్ను క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

అక్టోబరు 29

పేపర్లో వేశారు. నా పేరు తప్పు లేకుండా రాయడం ఇదే మొదటిసారి. కాలేజీ నుంచి ఫోన్లు లేవు. నా పాత గదిలోని ఆటగాళ్ళు ఇద్దరు చేశారు. ఒకడు ఏడ్చాడు. ఇంకొకడు, ఇన్నాళ్ళూ మాతో నాదే, నాదే అని అనిపించావుగా అని తిట్టి పెట్టేశాడు. వాడు చెప్పింది సరైందే. ప్లస్.

నవంబరు 1, శుక్రవారం

రక్తపోటు మాత్రలకు మందుల షాపుకెళ్ళాను. వరుసలో నా వెనక కాల్డర్ స్టేట్ కోటు వేసుకున్న ముసలాయన, నా వయసే ఉంటుంది. కాసేపు నా మొహం వంకే చూసి, పేపర్లో వచ్చింది నువ్వేనా అని అడిగాడు. నేనేనన్నాను.

"నీ వల్లనా మనం ఆ ఏడాది గెలుపు పోగొట్టుకుంది?"

"నా వల్లే."

"ముప్పై మూడేళ్ళు ఆ కుర్రాణ్ణి తిట్టానయ్యా నేను. మా పిల్లలకి కూడా నేర్పా."

"తెలుసు. ఆ తిట్లు నావి."

ఆయన మొదలుపెట్టాడు. మా నాన్న నుంచి మొదలుపెట్టి నేను తిన్న జీతం దాకా, నిదానంగా, ఏదీ వదలకుండా తిట్టాడు. కౌంటరులో అమ్మాయి నా వైపు చూసి, మీరు ముందుకొచ్చేయండి సార్, ముందు మీకిచ్చేస్తాను అంది. అక్కర్లేదన్నాను. నా ముందు ఇంకా ముగ్గురున్నారు. నా వంతు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.